తెల్ల యూనిఫాం జీతం

జూన్ 1, సోమవారం

జీతం పడింది. పడిన గంటకే నర్సింగ్ కోర్సు అప్పు వాయిదా కోసుకుపోయింది. మిగిలింది మూడుసార్లు లెక్కపెట్టాను, ఎక్కువసార్లు లెక్కపెడితే పెరుగుతుందేమోనని. పెరగలేదు.

అత్తయ్య చేతికి మాత్రం ఎప్పుడూ ఇచ్చేదంతా ఇచ్చాను. తక్కువపడింది ఆసుపత్రి క్యాంటీనావిడ దగ్గర తీసుకున్నాను, వారం వడ్డీకి. ఈ ఒక్క నెలకే. పోయిన నెలా అలాగే అనుకున్నాను గానీ పోయిన నెల బూట్లు కొనాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

నోట్లు బీరువాలో పెడుతూ అత్తయ్య, "పెద్దకోడలు నర్సయ్యాక ఇంటికో నిలకడ వచ్చింది" అంది.

"మా అక్కంటే మజాకానా!" అని వంటగదిలోంచి కేకేసింది చిన్నది, నా తోటికోడలు. గిన్నెలు తోముతోంది. నేను తెల్ల యూనిఫాం వేసుకున్న దగ్గర్నుంచీ గిన్నెలు దానివే. సూదులు పట్టే చేతులు బూడిదలో పెట్టకూడదని అత్తయ్య తీర్పు. మా ఇంట్లో బూడిదతో తోమి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియాలి. అయినా నేను కాదనలేదు.

జూన్ 3, బుధవారం

మళ్ళీ వేశాను లెక్క. ఎన్నిసార్లు వేసినా అదే చావు.

ఆయాగా ఉన్నప్పుడు నాకు గంటల లెక్కన జీతం. డ్యూటీ దాటి ఉంటే ఓవర్‌టైం, ఆదివారం వస్తే రెట్టింపు. ఒళ్ళు హూనమయ్యేది గానీ డబ్బు కంటికి కనిపించేది. నర్సుకైతే నెల జీతం. డ్యూటీ అయిపోయాక వచ్చే నర్సుకి ఒక్కో మంచం సంగతీ అప్పజెప్పాలి, ఇచ్చిన మందులు రాయాలి, చార్టులు నింపాలి. గంట పైనే పడుతుంది. దానికి చిల్లిగవ్వ లేదు. అడిగితే జీతాల క్లర్కు, "మీరు స్టాఫ్ కదమ్మా, కూలీ కాదు కదా" అంటుంది. గౌరవమట. గౌరవాన్ని తీసుకెళ్ళి బ్యాంకులో వేసుకోవాలి కాబోలు.

చిన్నది మా వార్డులోనే ఆయా. పోయిన నెల ఆదివారాలన్నీ చేసింది. వాయిదా పోగా నాకు మిగిలినదానికంటే దానికి ఎక్కువొచ్చింది. వాయిదా లేదనుకున్నా ఇంచుమించు సమానం. ఏడాది చదివి, పరీక్ష రాసి, అప్పు నెత్తిన పెట్టుకుని నేను సాధించింది ఇంచుమించు.

నర్సింగ్ స్కూలు గోడ మీద రాసిన జీతం అబద్ధమని అనలేను. మూడేళ్ళ సర్వీసు నిండి పై గ్రేడు వచ్చాక అంతా ఇస్తారు. కింద చిన్న అక్షరాల్లో అదే ఉంది. నేను చదివాను కూడా. మూడేళ్ళెంతలో గడుస్తాయిలే అనుకున్నాను. ఆ మూడేళ్ళూ తినాలన్న సంగతి తట్టలేదు.

ఇదేదీ ఇంట్లో తెలీదు. నేను అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అంతే.

జూన్ 5, శుక్రవారం

కొంప మునిగింది.

సాయంత్రం టీ తాగుతుంటే చిన్నది వచ్చి పక్కన కూర్చుంది. "అక్కా, నేనూ చేరదామనుకుంటున్నా."

"దేంట్లో?"

"నువ్వు చేసినదాంట్లోనే. వచ్చే నెల ఆరున కొత్త బ్యాచ్ మొదలవుతుందట."

టీ కాస్తా నా ఒళ్ళో పడింది. "అయ్యో, కాలిందా?" అంటూ అది పరిగెత్తి తువ్వాలు తెచ్చింది. కాలినదేదో దానికెలా చెప్పను?

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. ఒకే ఇంట్లో ఇద్దరు నర్సులట, వీధివీధంతా కుళ్ళుకోవాలట. మా ఆయన, "ఇంక ఈ ఇంటి వైపు జ్వరం తొంగిచూస్తే ఒట్టు" అని జోకేశారు. మరిది లారీ మీద ఎక్కడో ఉన్నాడు, ఫోన్లో అడిగితే సరేనన్నాడట. అందరికీ ఆనందమే.

"కోర్సంటే రోజంతా ఉంటుందే. ఉద్యోగం మానెయ్యాలి" అన్నాను.

"మానేస్తాను. నువ్వు చదివిన ఏడాదీ నేను డబుల్ డ్యూటీలు చేసి లాగాను కదా. ఇప్పుడు నీ వంతు" అంది నవ్వుతూ.

నిజమే. ఆ ఏడాదంతా ఇల్లు నడిచింది దాని ఓవర్‌టైం మీద. కాళ్ళు వాచిపోయి వచ్చేది, వచ్చి నాకు టీ పెట్టేది, "నువ్వు చదువుకో అక్కా" అనేది. ఇప్పుడు నా వంతు. ఏడాదిపాటు ఇల్లంతా నా జీతం మీద నడవాలి.

నా జీతం మీద!

జూన్ 6, శనివారం

ఊరికే అంది. మర్చిపోతుంది. మొన్నా మధ్య కుట్టు నేర్చుకుంటానని మిషను బేరం చేసింది, రెండు రోజుల్లో చల్లారిపోయింది. ఇదీ అంతే.

జూన్ 9, మంగళవారం

మర్చిపోలేదు.

దర్జీ తాత మంచం దగ్గరికి చిన్నది నన్ను పిలిచింది. పక్షవాతమొచ్చి నెల నుంచీ మా వార్డులో ఉన్నాడాయన. ఒళ్ళు తుడుస్తూ ఎడమ మడమ దగ్గర ఆగింది. "అక్కా, ఇక్కడ ఎర్రగా ఉంది చూడు. నొక్కితే తెల్లబడట్లేదు. పుండు పడబోతోంది కదూ?"

"నీకెవరు చెప్పారే?"

"నువ్వే. పరీక్షలప్పుడు గోడకి చెప్పినట్టు పైకి చదివేదానివి కదా. వినీ వినీ నాకూ వచ్చేసింది."

మడమ కింద దిండు పెట్టించి, రెండు గంటలకోసారి పక్క మార్చమని చార్టులో రాశాను. దర్జీ తాత మా ఇద్దర్నీ చూసి, "అక్కాచెల్లెళ్ళు బాగా కుదిరారు, ఒకే తానులో గుడ్డ" అన్నాడు. తోటికోడళ్ళమంటే నమ్మలేదు.

పుండు పడకముందే పట్టుకోవడం ఉందే, అదొక్కటీ ఈ ఉద్యోగంలో నాకు నిజంగా ఇష్టం. ఆయాగా ఉన్నప్పుడు మడమ చూసేదాన్ని, ఎర్రగా ఉందనుకునేదాన్ని, తుడిచేసి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు ఎందుకో తెలుసు, ఏం చెయ్యాలో తెలుసు. చదువు దండగని ఏ నోటితో అనను? చిన్నది నాకంటే మంచి నర్సు అవుతుంది. దానికి ఓపికుంది, నాకు లేదు. అదీ నా ఏడుపు.

జూన్ 11, గురువారం

స్కూలు నడిపే మేడం స్వయంగా ఫోన్ చేసింది. నేను చదివే రోజుల్లో ఆవిడకి నా పేరు కూడా గుర్తుండేది కాదు.

"మీ తోటికోడలు ఫోన్ చేసిందమ్మా. మిమ్మల్ని చూసే చేరుతున్నానంది. చాలా సంతోషం. పాతవాళ్ళు ఎవరినైనా తీసుకొస్తే వాళ్ళ అప్పులో రెండు వాయిదాలు మాఫీ చేస్తున్నాం, తెలుసు కదా?"

తెలీదు. తెలుసన్నట్టు "ఆఁ" అన్నాను.

"చేరగానే మీ పేరు మీద వేయించేస్తాను."

"థాంక్యూ మేడం" అన్నాను. ఎందుకన్నానో. నేనెవర్నీ తీసుకురాలేదు కదా, అదే వచ్చింది.

జూన్ 12, శుక్రవారం

రెండు వాయిదాలు మాఫీ అయితే క్యాంటీనావిడ బాకీ మొత్తం తీర్చెయ్యొచ్చు. ఊరికే లెక్క వేశాను.

జూన్ 14, ఆదివారం

చిన్నది ఆదివారం డ్యూటీ వదులుకుని స్కూలుకి వెళ్ళొచ్చింది. రెట్టింపు జీతం వదులుకుంది! వినగానే నా ప్రాణం ఉసూరుమంది.

వచ్చి చెప్పింది. అప్పు కావాలంటే షూరిటీ ఉండాలట. గంటల జీతం వాళ్ళు పనికిరారట, నెల జీతం ఉన్నవాళ్ళే కావాలట. "ఎవరున్నారమ్మా అంటే మా అక్క ఉందని చెప్పి వచ్చాను" అంది, ఎంత గొప్పగా చెప్పిందో.

చేరేటప్పుడు కట్టాల్సిన ఫీజు దాని దగ్గరుంది. రెండు గదులు అద్దెకి తీసుకుని వేరుగా ఉందామని అదీ మరిదీ కూడబెడుతున్న అడ్వాన్సు అది. రెండేళ్ళ ఓవర్‌టైం. "గదులెక్కడికి పోతాయక్కా, ఏడాదాగి నర్సుగా వెళ్తా" అంది.

సంతకం పెడితే అది గోతిలో పడుతుంది, గట్టున నేనుంటాను. అది కట్టలేకపోతే ఆ అప్పూ నాదే. పెట్టకపోతే, ఏడాది దాని రెక్కల మీద బతికి ఇప్పుడు చెయ్యిచ్చినదాన్నవుతాను. అడకత్తెరలో పోకచెక్కంటే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది.

"చూద్దాంలే" అన్నాను.

"చూసేదేముందక్కా?" అంది.

జూన్ 15, సోమవారం

ముగ్గురికి మందులు ఇచ్చి మూడుసార్లు వెనక్కొచ్చి చూసుకున్నాను, సరిగ్గానే ఇచ్చానా అని. ఇచ్చాను. ఇలాగైతే ఏదో ఒక రోజు తప్పు చేస్తాను.

జూన్ 18, గురువారం

చెప్పడానికి ప్రయత్నించాను. నిజంగా ప్రయత్నించాను.

దుప్పట్ల గదిలో ఇద్దరమే ఉన్నాం. "జీతం నువ్వనుకున్నంత ఉండదే" అన్నాను.

"ఎంతుంటుంది?"

"మొదట్లో తక్కువే ఉంటుంది."

"తక్కువంటే? నువ్వు నెలనెలా ఇచ్చేది అత్తయ్య నాకు చెప్తూనే ఉంటుంది కదా. అంతొస్తే చాలు నాకు."

అక్కడే చెప్పెయ్యాల్సింది. అంత రాదే, అందులో సగం క్యాంటీనావిడదే అని. నోటిదాకా వచ్చింది. కక్కలేక మింగలేక, "ఓవర్‌టైం ఉండదు మరి" అన్నాను.

"లేకపోతే పీడాపోయె. నడుమైనా మిగుల్తుంది."

"అప్పు తీరడానికి చాలా ఏళ్ళు పడుతుంది."

అది దుప్పటి మడతపెట్టడం ఆపింది. "అక్కా, నేను చేరడం నీకిష్టం లేదా?"

"అలా అని కాదు."

"నేనూ తెల్లబట్టలు వేసుకుంటే నీతో సమానమైపోతాననా?"

నవ్వుతూనే అంది. దుప్పట్లు మాత్రం ధబీమని అరలో పడేసి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య దగ్గరికి కబురు చేరిపోయింది. "చిన్నది ఎదుగుతుంటే నీకెందుకమ్మా కడుపుమంట? నువ్వు చదివినప్పుడు అదొక్క మాటన్నదా?" అంది. తలొంచుకుని విన్నాను. కడుపుమంటే అత్తయ్యా, కానీ మీరనుకునేది కాదు.

జూన్ 19, శుక్రవారం

మా ఆయన కూడా తేల్చేశారు. "ఏడాది మనల్ని మోసింది. ఒక్క సంతకానికి ఇంత బేరమా?" మోటార్ వైండింగ్ షాపులో పని లేక వారంలో మూడు రోజులు ఇంట్లోనే ఉంటారు, ఆ మూడు రోజులూ నన్ను చూసి ఎంత గర్వపడతారో. చెబితే అదీ పోతుంది.

జూన్ 20, శనివారం

ఓర్వలేనిదని పేరు రావడం కంటే అప్పుల్లో ఉందని పేరు రావడమే నయం కదా. మరి ఎందుకు చెప్పలేకపోతున్నాను?

జూన్ 22, సోమవారం

సంతకం పెట్టాను.

స్కూలు ఆఫీసులో ఫ్యాను గట్టిగా తిరుగుతోంది, కాగితాల మీద మేడం బరువు పెట్టింది. ఎక్కడెక్కడ పెట్టాలో పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉంచారు. వార్డులో సంతకం పెట్టినట్టే చకచకా పెట్టేశాను.

చిన్నది పర్సు అడుగు నుంచి డబ్బు తీసి కౌంటర్లో ఇచ్చింది. క్లర్కు లెక్కపెడుతున్నంతసేపూ దాని కళ్ళు ఆ నోట్ల మీదే ఉన్నాయి. రసీదు చేతికొచ్చాక గానీ ఊపిరి తీసుకోలేదు. బయటికొచ్చి నా భుజం పట్టుకుని, "మొన్న ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకక్కా" అంది.

దీనికంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బావుండేది.

జూన్ 24, బుధవారం

మెసేజ్ వచ్చింది. రెండు వాయిదాలు మాఫీ, చివర్లో తగ్గిస్తారట. ఇప్పుడు కాదట. చివర్లో!

అంటే క్యాంటీనావిడ బాకీ అలాగే ఉంది. అయినా ఎంతో కొంత తగ్గింది కదా. సిగ్గు లేకుండా మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

జూన్ 25, గురువారం

నా పాత పుస్తకాలకి అట్టలేసి దానికిచ్చాను. అంతా మన మంచికే. మూడేళ్ళు కళ్ళు మూసుకుంటే ఇద్దరికీ పై గ్రేడు. అప్పుడు చూసుకోవాలి మా వైభోగం.

జూన్ 28, ఆదివారం

ఏడాదికి లెక్క వేశాను. చిన్నదాని జీతం సున్నా. మా ఆయనది ఉంటే ఉంది, లేకపోతే లేదు. మరిది పంపేది లారీ మరమ్మతులకే చాలదు. నాది, వాయిదా పోగా. ఎలా తిప్పినా ప్రతి నెలా పదిహేనో తారీఖుకి ఇంట్లో ఏమీ ఉండదు.

క్యాంటీనావిడని అడిగాను, ఏడాదిపాటు ఇంకాస్త ఎక్కువ సర్దగలదా అని. ఆవిడ కప్పులు కడుగుతూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇంతకీ నీకు జీతం ఇస్తున్నారా, పుణ్యానికి చేస్తున్నావా? ముందు పాతది తీర్చు తల్లీ."

పైన పటారం, లోన లొటారం. ఆవిడ ఆ మాట అనలేదు. నేనే అనుకున్నాను.

జూలై 1, బుధవారం

జీతం పడింది. వాయిదా పోయింది. జీతాల ఆఫీసు గుమ్మంలోనే క్యాంటీనావిడ కాపుకాసి తన బాకీలో సగానికి పైగా లాక్కుంది. కొత్తగా ఇవ్వనంది.

అత్తయ్య చేతిలో సగం పెట్టాను. "ఆఫీసులో ఏదో పొరపాటట, మిగతాది వచ్చే వారం వేస్తారట" అన్నాను.

ఇది అబద్ధం. ఇంతకు ముందువి ఏమోగానీ, ఇది అబద్ధమే.

"ఫర్వాలేదులే, నీ డబ్బెక్కడికి పోతుంది" అంది అత్తయ్య. చిన్నది కొత్త పెన్నులు కొనుక్కొచ్చింది, మూడు రంగులవి. "రేపు వార్డులో చెప్పేస్తానక్కా, శనివారంతో మానేస్తానని. నా చోట్లోకి అప్పుడే ఎవరో రెడీగా ఉన్నారట."

రేపు. ఒకసారి చోటు పోతే మళ్ళీ రాదు. ఆయా పోస్టులకి ఎంతమంది ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు.



జూలై 2, గురువారం

చెప్పేశాను.

పొద్దున అది ఆయాల ఇన్‌ఛార్జి గది వైపు నడుస్తుంటే వెనక నుంచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "ఇవాళ చెప్పకే. సాయంత్రం ఇంట్లో ఒక మాట మాట్లాడాక రేపు చెప్దువుగాని." ఎందుకంది. నా ముఖం చూసి మరి అడగలేదు.

భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. అత్తయ్య, మా ఆయన, చిన్నది. మొదలుపెట్టాల్సిన మాట పొద్దుట్నుంచీ సిద్ధం చేసుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"నా జీతం చిన్నదానికంటే తక్కువ."

చిన్నది కంచంలోంచి తలెత్తలేదు. "మళ్ళీ మొదలెట్టావా?"

"మరి నెలనెలా నా చేతికిచ్చేది?" అంది అత్తయ్య.

"క్యాంటీనావిడ దగ్గర తెచ్చింది కలిపి. వారం వడ్డీకి."

మా ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ నుంచి. వాయిదాలు మొదలైనప్పట్నుంచి."

ఆ తరువాత ఆగలేదు. వాయిదా ఎంతో చెప్పాను, చేతికి మిగిలేదెంతో చెప్పాను, గోడ మీద రాసిన జీతం ఎప్పుడొస్తుందో చెప్పాను, నిన్నటి పొరపాటు ఆఫీసుది కాదు నాదేనని చెప్పాను. చివరికి, దాన్ని చేర్పించినందుకు నాకు రెండు వాయిదాలు తగ్గించిన సంగతి కూడా చెప్పాను. అది చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అదొక్కటీ కడుపులో ఉంచుకుంటే మిగతాదంతా చెప్పీ లాభం లేదనిపించింది.

చిన్నది వేళ్ళు మడుస్తోంది, లెక్క వేసుకుంటోంది.

"అంటే ఏప్రిల్ నుంచీ ఈ ఇంట్లోకి ఎక్కువ తెస్తోంది నేనా?"

"అవును."

"మరి నీ ఎంగిలి కంచం నేనెందుకు కడుగుతున్నాను?"

"అదేం మాటే!" అంది అత్తయ్య.

"మీరే కదా అత్తయ్యా అన్నది, సూదులు పట్టే చేతులని! అక్క విందా లేదా? విని ఊరుకుందా లేదా?" కంచం పక్కకి నెట్టేసింది. "నేనడిగాను అక్కా. దుప్పట్ల గదిలో ఎంతుంటుందని అడిగాను. ఓర్వలేక అంటున్నావనుకున్నాను, సారీ కూడా చెప్పాను. రెండు వాయిదాలకి అమ్మేశావన్నమాట నన్ను."

లేచి వెళ్ళిపోయింది. కంచం అక్కడే ఉంది.

మా ఆయన, "నాకైనా చెప్పాల్సింది" అన్నారు. కోప్పడలేదు. నా వైపు చూడలేదు కూడా. "నాకు పని లేదని నాకు చెప్పలేదా?" అని అడిగారు. కాదన్నాను. అదీ కొంత అబద్ధమే.

గిన్నెలు నేనే తోమాను. ఎవరూ వద్దనలేదు.

జూలై 3, శుక్రవారం

వార్డులో నన్ను మేడం అంటోంది. "సరే మేడం." "అయిపోయింది మేడం." పక్క మార్చేటప్పుడు తాత అవతల వైపు అది, ఇవతల వైపు నేను. ఒకటి రెండు మూడు అని కలిసి లెక్కపెట్టి ఎత్తాలి. అది లెక్కపెట్టలేదు. నేనొక్కదాన్నే పెట్టాను.

"చెల్లెలికి ఒంట్లో బాలేదా?" అన్నాడు దర్జీ తాత.

"నేను బాలేదు తాతా" అన్నాను.

ఉద్యోగం మాత్రం మానట్లేదు. ఇన్‌ఛార్జిని అడిగి తెలుసుకున్నాను, అది నాతో చెప్పలేదు. డ్యూటీ దిగేముందు నా దగ్గరకొచ్చి, "క్లాసులు మొదలయ్యేలోపు రద్దు చేసుకోవచ్చట. షూరిటీ కూడా ఉండాలట. రేపు పదకొండింటికి" అంది. కట్టిన ఫీజు రాదట. నా రెండు వాయిదాల మాఫీ కూడా పోతుంది. రెండోది నేను అడక్కుండానే చెప్పింది, కుదుపుతుందేమో చూద్దామన్నట్టు.

నాకు కుదుపేమీ అనిపించలేదు. దాని ఫీజే మనసులో తిరుగుతోంది. రెండేళ్ళ ఆదివారాలు.

జూలై 4, శనివారం

డ్యూటీ మధ్యలో గంట పర్మిషన్ తీసుకుని యూనిఫాంతోనే వెళ్ళాను. చిన్నది ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

లోపల హాలు నిండా ఆడవాళ్ళు. కొత్త బ్యాచ్ కోసం వచ్చినవాళ్ళట. కొందరి చేతుల్లో సంచులు, పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నారు. రద్దు కోసం వచ్చామని మేడంకి అప్పటికే తెలుసు. అయినా మమ్మల్ని చూడగానే ముఖమంతా నవ్వు చేసుకుని లేచింది. "ఇదిగో, మాటల్లోనే వచ్చేశారు! మన పాత విద్యార్థిని. చూడండి ఆ యూనిఫాం, ఎంత హుందాగా ఉందో! ఒక్క నిమిషం వీళ్ళతో మాట్లాడమ్మా, తరువాత మీ పని చూద్దాం."

నన్ను చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒకప్పుడు నేనూ అలాగే చూశాను, ఇదే హాల్లో, ఎవరో నర్సు వైపు.

ముందు వరసలో ఒకావిడ, నా వయసే ఉంటుంది, చేతులు బట్టలుతికి పగిలి ఉన్నాయి. నెమ్మదిగా అడిగింది. "నెలకెంతొస్తుందండీ?"

చెప్పాలనే అనుకున్నాను. ఇంట్లో చెప్పినదాన్ని ఇక్కడ చెప్పలేనా! కానీ మేడం చెయ్యి ఇంకా నా మోచేతి మీదే ఉంది, అప్పు ఇంకా వీళ్ళ దగ్గరే ఉంది. "అది... గ్రేడుని బట్టి ఉంటుందండీ... మొదట్లో అయితే..." నా నాలుక నాకే అడ్డం పడుతోంది.

"మా అక్కకి నాకంటే తక్కువొస్తుంది."

వెనక గుమ్మం దగ్గర్నుంచి చిన్నది. హాలంతా తిరిగి చూసింది.

"నేను అదే వార్డులో ఆయాని. గంటల జీతం. అప్పు వాయిదా పోయాక మా అక్క చేతికి నాకంటే తక్కువ మిగుల్తుంది. మడమ చూసి పుండెప్పుడు పడుతుందో చెప్పేస్తుంది, అంత బాగా నేర్చుకుంది. డబ్బు మాత్రం తక్కువే."

మేడం నవ్వు సర్దుకుంది. "అలా కాదమ్మా, మూడేళ్ళ తరువాత పై గ్రేడు—"

"మూడేళ్ళ తరువాత మా అక్కే వచ్చి చెప్తుంది లెండి."

ఎవరో కిసుక్కుమన్నారు. చేతులు పగిలినావిడ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి చిన్నదాన్నే అడిగింది. "అయితే మీ ఆసుపత్రిలో ఆయా పోస్టులేమైనా ఖాళీ ఉన్నాయా అమ్మా?"

"మొన్నటిదాకా ఒకటి ఖాళీ అయ్యేలా ఉండిందండీ" అంది చిన్నది. "ఇప్పుడు లేదు."

తరువాత లోపలి గదిలో సంతకాలయ్యాయి. మేడం నా ముఖం చూడకుండా నా మాఫీ కొట్టేసింది. నాకు సిగ్గూ భయమూ రెండూ కలిసి ముఖం కాలిపోతోంది. వచ్చే నెల వాయిదా పోయాక ఇల్లెలా నడపాలో తెలీదు, క్యాంటీనావిడకి ఏం చెప్పాలో తెలీదు. దర్జీ తాత మందు టైం దాటిపోతోంది.

బస్ స్టాపులో చిన్నది మొదటిసారి నా వైపు తిరిగింది. "పోయిన ఫీజు నీ దగ్గర వసూలు చేస్తాను."

"ఇస్తాను."

"ఎక్కణ్ణుంచి ఇస్తావు?"

బస్సొచ్చింది. కండక్టర్ దగ్గరికి రాగానే అదే రెండు టిక్కెట్లూ తీసుకుంది. నేను పర్సు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచక్కా. ఒకటో తారీఖుదాకా రావాలి కదా" అంది.